పంతొమ్మిది రూపాయల గీత: పే టీవీలో టోకు ధరలు, పోటీ

(హైదరాబాద్‌లో కేబుల్ ఆపరేటర్లు, వినియోగదారులు, లా విద్యార్థుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ముషీరాబాద్, అంబర్‌పేట వైపు ఆపరేటర్లు కూర్చున్నారు. మధ్యలో నెలనెలా బిల్లు కట్టేవాళ్లున్నారు. వెనక లా కాలేజీ పిల్లలున్నారు. బిల్లు కట్టేవాళ్లేమో కేబుల్ అతనే తినేస్తున్నాడంటారు. కేబుల్ అతను ఎంఎస్‌ఓ మీద, అంటే తనకు ఛానళ్ల సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ మీద, చెబుతాడు. ఎంఎస్‌ఓ ఛానల్ కంపెనీ మీదికి తోస్తాడు. లా పిల్లలకు ఇంకా ఎవరి మీదా అనుమానం రాలేదు, ఫీజులే కడుతున్నారు కాబట్టి. (నవ్వులు)

ముందు ఒక లెక్క వేద్దాం. ఫోన్లు తీయొద్దు, నోటి లెక్కే.

2019లో కొత్త టారిఫ్ వచ్చినప్పుడు స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈ మూడూ విడివిడిగా కొంటే ఒక్కోటి నెలకు 19 రూపాయలు. పన్ను వేస్తే 22 రూపాయల 42 పైసలు. పన్ను పక్కన పెట్టండి. ఆ 19లో 20 శాతం, అంటే 3 రూపాయల 80 పైసలు, ఛానల్‌ను ఇంటికి చేర్చేవాళ్ల, అంటే పంపిణీదారుల, కమిషన్. మిగిలిన 15 రూపాయల 20 పైసలు ఛానల్ కంపెనీవి. ఆ 3.80ని ఎంఎస్‌ఓ, ఆపరేటర్ పంచుకోవాలి. ఇద్దరికీ బేరం కుదరకపోతే, ఈ రంగాన్ని నియంత్రించే సంస్థ ట్రాయ్ ఇచ్చిన నమూనా ఒప్పందం ప్రకారం 55, 45. ఎంఎస్‌ఓకి 2 రూపాయల 9 పైసలు, గల్లీలో స్తంభం ఎక్కే మనిషికి 1 రూపాయి 71 పైసలు.

ఇంతవరకు అందరికీ ఒకటే. ఇక్కడే ఇంకో నిబంధన ఉంది. ఛానల్ కంపెనీ తలుచుకుంటే ఆ 20 శాతం మీద ఇంకో 15 శాతం దాకా పంపిణీదారుకు తగ్గింపు ఇవ్వొచ్చు. 19 రూపాయల మీద అది 2 రూపాయల 85 పైసలు. ఇవ్వాలని లేదు, ఇవ్వొచ్చు. ఎవరికి ఇస్తుంది? ఎన్ని ఇళ్లుంటే ఇస్తుంది? ఏ షరతు మీద? నేను ఇవాళ మాట్లాడబోయేది ఈ 2.85 గురించే. పేపర్లలో, టీవీల్లో గొడవంతా 19 మీద జరుగుతుంది. అసలు బేరం 2.85 దగ్గర ఉంది.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

తొంభైలలో కేబుల్ వ్యాపారం ఎలా ఉండేదో ముందు వరుసకు తెలుసు. ఆపరేటర్ దగ్గర వెయ్యి పాయింట్లు, అంటే కనెక్షన్లు, ఉంటే రెండొందలే చూపించేవాడు. ఛానల్ కంపెనీకీ తెలుసు, ఎంఎస్‌ఓకీ తెలుసు. లెక్క తెలియదు కాబట్టి రేటు కూడా గుత్త బేరమే. పాయింట్‌కి ఇంత అని కాగితం మీద రాసుకునేవాళ్లు, పాయింట్లెన్ని అన్నదాని మీద కొట్టుకునేవాళ్లు. నవ్వకండి, అందులో అందరూ భాగస్వాములే. ఆ దొంగ లెక్కలో ఒక తెలివి ఉంది: పలుకుబడి ఉన్నవాడికి తక్కువ పాయింట్లు రాస్తే అదే డిస్కౌంట్. కొత్తగా వచ్చినవాడికి ఉన్నవన్నీ రాస్తే అదే శిక్ష. టోకు ధరలో వివక్ష అప్పుడూ ఉంది, రేటు కార్డులో కనిపించేది కాదు, అంతే.

1995లో కేబుల్ టీవీ చట్టం వచ్చింది. అది రిజిస్ట్రేషన్లు, ప్రసారాల తీరు గురించి మాట్లాడింది తప్ప ధర గురించి పెద్దగా కాదు. 2002లో చట్టాన్ని సవరించి కండిషనల్ యాక్సెస్ తెచ్చారు, అంటే పే ఛానల్ చూడాలంటే బాక్స్ పెట్టుకోవాలి. అది చెన్నైలో మొదలై, మిగతా మూడు మహానగరాల్లో కొన్ని ప్రాంతాలకు 2006 చివర్లో గానీ రాలేదు. అక్కడ ఛానల్‌కు 5 రూపాయలు మించకూడదని గీత గీశారు. ఆ 5 రూపాయల్ని ఛానల్ కంపెనీకి 45, ఎంఎస్‌ఓకి 30, ఆపరేటర్‌కి 25 శాతంగా పంచారు. ఇది మన హైదరాబాద్‌కు తగల్లేదు.

2004 జనవరిలో కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో కేబుల్, ప్రసార సేవల్ని టెలికాం సేవల కిందకు తెచ్చి ట్రాయ్‌కి అప్పగించింది. ట్రాయ్ చేసిన మొదటి పని, 2003 డిసెంబర్ 26 నాటికి ఎక్కడ ఏ ధర ఉందో అక్కడే ఆపేయడం. ఇది అర్థం చేసుకోవాలి. అప్పటి ధరలు న్యాయమైనవని ఎవరూ అనలేదు. ఎవరి ధర ఎంతో తెలియకుండానే అలాగే గడ్డకట్టించారు. వివక్ష కూడా దాంతోపాటే గడ్డకట్టింది.

అదే ఏడాది డిసెంబర్‌లో ట్రాయ్ ఇంకో నిబంధన తెచ్చింది. నా దృష్టిలో మొత్తం కథలో గొప్పది అదే, అయినా దాని గురించి జనానికి ఎవరూ చెప్పరు. అడిగిన ప్రతి పంపిణీదారుకూ ఛానల్ కంపెనీ సిగ్నల్ ఇవ్వాలి, వివక్ష లేకుండా ఇవ్వాలి. దీన్ని ‘మస్ట్ ప్రొవైడ్’ అంటారు. దాని అవసరమేమిటో డిష్ టీవీని చూస్తే తెలుస్తుంది. డిష్ టీవీ 2003లో మొదలైంది. స్టార్, సోనీ ఛానళ్లు అందులో చాలాకాలం లేవు. డిష్ టీవీ వెనక ఉన్నది జీ గ్రూపు. ప్రత్యర్థి గొడుగు కిందకు నా ఛానల్ ఎందుకివ్వాలి అన్నది అవతలివాళ్ల లెక్క. 2006లో టీడీశాట్, అంటే ఈ రంగం తగాదాలు తేల్చే ట్రైబ్యునల్, దాకా వెళ్తే గానీ స్టార్ ఛానళ్లు కదల్లేదు. ధర సంగతి పక్కన పెట్టండి, అసలు సరుకే దొరక్కపోతే పోటీ ఎక్కడి నుంచి వస్తుంది?

బేగం బజార్‌లో ఒక టోకు వ్యాపారి ఒకరికి బస్తా వెయ్యికీ, పక్క కొట్టువాడికి పదిహేనొందలకీ ఇచ్చాడనుకోండి. పక్క కొట్టువాడు ఇంకో టోకు కొట్టుకి పోతాడు. బియ్యం బియ్యమే. ఇక్కడ అలా కుదరదు. ఇంట్లో అత్తాకోడళ్లు ఎనిమిదింటికి చూసే సీరియల్ ఒక్క ఛానల్‌లోనే వస్తుంది. ఐపీఎల్ ఒక్క కంపెనీ దగ్గరే ఉంటుంది. అది లేని ఆపరేటర్‌ని జనం వారం రోజులు కూడా భరించరు. అందుకే ఈ వ్యాపారంలో టోకు ధర మీద కన్నేసి ఉంచాల్సి వస్తుంది.

హైదరాబాద్‌కు డిజిటల్ రెండో దశలో వచ్చింది. 2013 మార్చి 31 గడువు. 38 నగరాల జాబితాలో మనమున్నాం, విశాఖ ఉంది. బాక్సులు వచ్చాయి, పాయింట్లు దాచడం ఆగింది, పోనీ చాలావరకు ఆగింది. (నవ్వులు) అప్పుడు అందరూ అనుకున్నది, లెక్క తేలింది కాబట్టి ధర కూడా తేలుతుందని. తేలలేదు. ఎందుకంటే ఛానల్ కంపెనీలు విడి ఛానళ్లకు ఒక రేటు కార్డు పెట్టి, దాన్ని ఎవరూ కొనలేనంత ఎత్తులో ఉంచి, లోపల ఒక్కో ఎంఎస్‌ఓతో ఒక్కో గుత్త ఒప్పందం చేసుకున్నాయి. రేటు కార్డు గోడకు తగిలించడానికి, ఒప్పందం లోపల సంతకానికి. పెద్ద ఎంఎస్‌ఓకి మొత్తం బొకే, అంటే ఛానళ్ల మూట, ఒక రేటు. చిన్నవాడు అడిగితే, ‘ఆ కార్డు ఉంది కదా, దాని ప్రకారం తీసుకో’ అనేవాళ్లు.

దీని మీద నోయిడా సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్ అనే పంపిణీ సంస్థ టీడీశాట్‌కు వెళ్లింది. అవతలి పక్షం మీడియా ప్రో. అది స్టార్, జీ రెండు గ్రూపుల ఛానళ్లనూ కలిపి అమ్మిన సంస్థ. లా పిల్లలు రాసుకోండి, 2015 డిసెంబర్ 7 నాటి తీర్పు. సారాంశం ఏమిటంటే, రేటు కార్డు అన్నది ఉత్తుత్తి కాగితంలా ఉండకూడదు. లోపల చేసుకునే ఒప్పందాలకు ఆ కార్డుతో పొంతన ఉండాలి. ఒకడికి ఒక ధర, ఇంకొకడికి ఇంకో ధర అయితే కారణం చూపాలి. స్టార్, జీ లాంటి రెండు పెద్ద గ్రూపులు తమ ఛానళ్లు కలిపి అమ్మడాన్ని ట్రాయ్ అంతకుముందే, 2014 ఫిబ్రవరిలో, నిబంధన మార్చి అడ్డుకుంది. మీడియా ప్రో ఆ ఏడాదే విడిపోయింది. టోకు బేరం మీద పనిచేసిన రెండు మంచి దెబ్బలివి. రెండింటిలోనూ వినియోగదారుడి బిల్లు మీద ఇంత మించకూడదనే గీత లేదు.

ఇప్పుడు గీతల దగ్గరికి వద్దాం.

2017 మార్చి 3న ట్రాయ్ కొత్త టారిఫ్ ఆర్డర్ ఇచ్చింది. ఛానల్ కంపెనీ తన ఛానల్ ఎంఆర్‌పీ తనే ప్రకటించాలి. బొకేలో పెట్టాలంటే ఆ ఛానల్ ధర 19 దాటకూడదు. బొకే మీద తగ్గింపు 15 శాతం దాటకూడదు. పంపిణీదారుకు నెలకు 130 రూపాయల నెట్‌వర్క్ రుసుము, దానికి వంద ఛానళ్లు. స్టార్, విజయ్ టీవీ మద్రాసు హైకోర్టుకెళ్లాయి. మా కార్యక్రమాలకు కాపీరైట్ ఉంది, ధర మీద ట్రాయ్‌కి అధికారం లేదన్నది వాదన. ఇద్దరు జడ్జిల బెంచ్ రెండుగా చీలింది. మూడో జడ్జి 2018 మేలో ట్రాయ్ వైపు తేల్చారు, కానీ బొకే తగ్గింపు మీద ఆ 15 శాతం పరిమితి మాత్రం నిలబడలేదు. 2018 అక్టోబర్ 30న సుప్రీం కోర్టు, జస్టిస్ నారిమన్, జస్టిస్ నవీన్ సిన్హాల ధర్మాసనం, ట్రాయ్ అధికారాన్ని సమర్థించింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. ఆ నెల ఎలా గడిచిందో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. ఇంటింటికీ ఫారాలు పట్టుకుని తిరిగారు కదా అన్నా మీరు? ఏ ఛానల్ కావాలమ్మా అంటే అన్నీ కావాలని రాసిచ్చారు, బిల్లు వచ్చాక తిట్టారు.

19 గీత ఏం చేసింది? పేరున్న ఛానల్ ప్రతిదీ 19 దగ్గరికే చేరింది. మన తెలుగులో చూశారు కదా, మూడు ప్రధాన ఛానళ్లూ అక్కడే. అంతకుముందు అంత ధర ఊహించనివాళ్లు కూడా గీత దాకా ఎక్కారు. పైన ఒక గీత గీస్తే, కింద పోటీ లేకపోతే, అందరూ గీత మీదే నిలబడతారు. ఇంకోవైపు బొకే తగ్గింపు మీద పరిమితి పోయింది కాబట్టి బొకేలు మళ్లీ చవకయ్యాయి. 2019 ఆగస్టులో ట్రాయ్ తన చర్చాపత్రంలోనే రాసింది, బొకేల మీద తగ్గింపు 70 శాతం దాకా ఇస్తున్నారని. ఇక విడి ఛానల్ ఎవరు కొంటారు? ఒక్క ఛానల్ ధరకు ఇంచుమించుగా ఏడెనిమిది ఛానళ్ల ప్యాక్ వస్తుంటే, అందులో ఐదు ఎవరూ చూడని సరుకైనా, ప్యాకే తీసుకుంటారు. ఆ ఐదింటికి దొరికే చోటు ఎవరి చోటు? వేరే కంపెనీ తెచ్చే కొత్త ఛానల్‌ది. బొకే వల్ల పోటీకి జరిగే నష్టం అక్కడుంది, బిల్లులో కనిపించదు.

2020 జనవరి 1న రెండో ఆర్డర్. గీత 19 నుంచి 12కి దిగింది. బొకేలో ఉన్న ఛానళ్ల విడి ధరలు కలిపితే బొకే ధరకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు, అంటే తగ్గింపు మూడో వంతు మించకూడదు. దాని పక్కనే, బొకేలో ఏ ఛానల్ విడి ధరా ఆ బొకేలో ఒక్కో ఛానల్‌కు పడే సగటు ధరకు మూడు రెట్లు దాటకూడదని ఇంకో షరతు. ఆ రెండో షరతును బొంబాయి హైకోర్టు 2021 జూన్ 30న కొట్టేసింది, మిగతాది ఉంచింది. అప్పుడు ఛానల్ కంపెనీలు చేసింది చూడండి. గీత 12 అయితే సరే, మా పెద్ద ఛానళ్లను బొకేలోంచే తీసేస్తాం, విడిగా 12 కన్నా ఎక్కువకు అమ్ముతాం అని 2021 అక్టోబర్‌లో రేట్లు ప్రకటించాయి. చట్టప్రకారం తప్పేమీ లేదు. ట్రాయ్ తడబడింది. గడువు వాయిదా, మళ్లీ వాయిదా. చివరికి 2022 నవంబర్ 22న మూడో సవరణ: గీత మళ్లీ 19కి, బొకే తగ్గింపు 45 శాతం దాకా. 15 నుంచి మూడో వంతుకు, అక్కడి నుంచి 45కి. 19 నుంచి 12కి, మళ్లీ 19కి. ఆరేళ్ల వాదోపవాదాలకు వచ్చిన ఫలితం ఇది. లాయర్లకు మాత్రం మంచి కాలం. (నవ్వులు)

2023 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? కొత్త రేట్ల మీద సంతకం పెట్టని పెద్ద ఎంఎస్‌ఓలకు స్టార్, జీ, సోనీ సిగ్నల్ కట్ చేశాయి. కేబుల్ సంస్థల ఫెడరేషన్ చెప్పిన లెక్క ప్రకారం నాలుగున్నర కోట్ల ఇళ్లలో ఛానళ్లు పోయాయి. వారం తిరగకుండానే సంతకాలు పెట్టారు. ఎంఎస్‌ఓలు చెప్పిన అభ్యంతరాల్లో బలం ఉందా లేదా అన్నది వేరే సంగతి. ఆ వారం తేల్చింది ఒకటే: టోకు బేరంలో ఎవరు ముందు కన్నార్పుతారో.

అయితే ఎప్పుడూ ఛానల్ కంపెనీదే పైచేయి అనుకోవద్దు. ఈ ఊళ్లో కూర్చుని ఆ మాట అనలేం. 2014 జూన్‌లో, తెలంగాణ వచ్చిన రెండు వారాలకే, టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్లను రాష్ట్రంలో కేబుల్ నెట్‌వర్కులు ఆపేశాయి. ఏబీఎన్ నెలల తరబడి కనిపించలేదు. ఆ గొడవ ధర కోసం కాదు, మీ అందరికీ తెలుసు, దాని రాజకీయాల్లోకి నేను వెళ్లను. నాకు కావాల్సింది ఒక్కటే. వైరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఛానల్‌ని ఇంటి గుమ్మం దగ్గర ఆపగలరు. ఉచిత న్యూస్ ఛానల్‌కు ఎంఎస్‌ఓ గేటు లాంటివాడు. అనలాగ్ రోజుల్లో ఒక కేబుల్ మీద పట్టేవి ఎనభై, వంద ఛానళ్లు, అందులో మంచి నంబర్ కోసం ఛానళ్లే ఎదురు డబ్బులు కట్టేవి. క్యారేజ్ ఫీజు అన్నది అలా పుట్టింది. 2017 నిబంధనల్లో దానికీ పరిమితి పెట్టారు, ఇంటికి నెలకు 20 పైసలు, హెచ్‌డీకి 40 పైసలు మించకుండా. కాగితం మీద బాగుంది. ‘మార్కెటింగ్’ పేరుతో కట్టేదాన్ని ఎవరు లెక్కపెడతారు?

పంజాబ్‌లో ఇలాంటిదే సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఒక న్యూస్ ఛానల్‌ను ఆ రాష్ట్రంలో బలమైన ఫాస్ట్‌వే నెట్‌వర్క్ తీసేసింది. మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ జరిమానా వేసింది. 2018 జనవరిలో సుప్రీం కోర్టు రెండు ముక్కలు చెప్పింది. ఛానల్‌కు, నెట్‌వర్క్‌కు మధ్య పోటీ లేదనే సాకు చెల్లదు, మార్కెట్‌లోకి రానివ్వకపోవడం దుర్వినియోగమే. కానీ ఈ కేసులో ఆ ఛానల్‌కు రేటింగ్ లేదన్న కారణం సరైనదే కాబట్టి జరిమానా లేదు. మొదటి ముక్క చాలా విలువైనది. రెండోది కొత్త ఛానళ్లకు ప్రమాదకరం. గుమ్మం బయటే ఆపేస్తే రేటింగ్ ఎలా వస్తుంది?

ఇప్పుడు నా 2.85కి వస్తాను.

నిబంధన ఏమంటోందంటే, పంపిణీదారుకిచ్చే ఆ 15 శాతం తగ్గింపుకు షరతులు ముందే రాసి ప్రకటించాలి, కొలవగలిగేలా ఉండాలి, ఆ కొలతకు అందినవాళ్లందరికీ ఇవ్వాలి. కేరళలో ఏషియానెట్ డిజిటల్ అనే పంపిణీ సంస్థ ఫిర్యాదు చేసింది: తమ పోటీదారుకు స్టార్ ఇండియా ఆ 20, 15 కలిపిన 35 శాతం దాటి ఇస్తోందని, దాన్ని ప్రకటనల ఒప్పందాల రూపంలో తిప్పి ఇస్తోందని. ఇది ఆరోపణ మాత్రమే, గుర్తుంచుకోండి. 2022లో కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. మాకు ట్రాయ్ ఉంది, కమిషన్‌కి ఇక్కడేం పని అని ఛానల్ కంపెనీ కోర్టుకెళ్లింది. 2025లో కేరళ హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఇందులో కంపెనీ తప్పు చేసిందా లేదా అన్నది విచారణ తేల్చాలి. నేను చూసేది కాలాన్ని. ఒకడికి తక్కువ ధర, ఇంకొకడికి ఎక్కువ ధర అన్న ఆరోపణలో, అసలు ఎవరు విచారించాలన్నది తేలడానికే మూడేళ్లు పైన పట్టింది. ఈలోగా ఎక్కువ కట్టిన ఆపరేటర్ సంగతేంటి?

అందుకే నా అభిప్రాయం ఇది, ఎవరైనా ఒప్పుకోకపోతే తర్వాత మాట్లాడుకుందాం. 19 కావాలా, 12 కావాలా అన్న దాని మీద ట్రాయ్ పెట్టిన బలంలో సగం ఒప్పందాల ఆడిట్ మీద పెట్టి ఉంటే చిన్న ఎంఎస్‌ఓలు ఇన్ని మూతపడేవి కావు. మూతపడనివాళ్ల మధ్య పోటీ ఉంటే, బిల్లు దానంతటదే దారికొచ్చేది. ఛానల్ కంపెనీలు, పంపిణీదారుల మధ్య డబ్బు ఏ పేరు మీద మారినా, ప్రకటన అనండి, మార్కెటింగ్ అనండి, క్యారేజ్ అనండి, ఒక్క రిజిస్టర్‌లోకి రావాలి. ఆ రిజిస్టర్‌ను ప్రత్యర్థి పంపిణీదారు చూడగలగాలి.

బయటి దేశాల్లో దీన్ని ఎలా చేశారని విద్యార్థులు అడుగుతారు. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ 2010 మార్చిలో, స్కై అనే పే టీవీ కంపెనీ తన స్కై స్పోర్ట్స్ ఛానళ్లను ప్రత్యర్థులకు టోకున ఇవ్వాల్సిందేనని, ధర కూడా తనే నిర్ణయించి, ఆదేశించింది. వినియోగదారుడి ధర మీద వేలు పెట్టలేదు. అయిదేళ్లు కోర్టుల్లో నలిగి, 2015 నవంబర్‌లో ఆ ఆదేశాన్ని ఎత్తేశారు. అప్పటికి బీటీ అనే టెలిఫోన్ కంపెనీ తనే ఫుట్‌బాల్ హక్కులు కొని రంగంలోకి దిగింది. ఎవరి మీద నిఘా పెట్టాలో ఆ ఒక్కడి మీదే పెట్టారు. మన దగ్గర బొకేలో పెట్టే పే ఛానళ్లన్నిటి మీదా ఒకటే గీత. ఊళ్లో ఎవరూ చూడని ఛానల్‌కూ, ఐపీఎల్ ఛానల్‌కూ ఒకే పరిమితి. ఇది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఐపీఎల్ మాట వచ్చింది కాబట్టి. 2022 జూన్‌లో 2023 నుంచి 2027 దాకా టీవీ హక్కులు 23,575 కోట్లకు స్టార్‌కు, డిజిటల్ హక్కులు దాదాపు అంతే మొత్తానికి వయాకామ్18కు పోయాయి. 2023లో వయాకామ్18 ఏం చేసింది? జియో సినిమాలో ఉచితంగా చూపించింది. ఇటు కేబుల్‌లో 19 రూపాయల ఛానల్, అటు ఫోన్‌లో అదే మ్యాచ్ సున్నా. ట్రాయ్ గీతలన్నీ వైరు మీద, డిష్ మీద. ఫోన్ మీద ఏ గీతా లేదు. తర్వాత ఆ రెండు ఇళ్లూ కలిశాయి. 2024 ఆగస్టు 28న కాంపిటీషన్ కమిషన్ అనుమతి, నవంబర్‌లో విలీనం, విలువ 70,352 కోట్లని ప్రకటించారు. కొన్ని ఛానళ్లు అమ్మాలని, క్రికెట్ ప్రకటనలను ముడిపెట్టి అమ్మకూడదని షరతులున్నాయి. మన ఆపరేటర్‌కు టోకున ఎంతకిస్తారన్నది మాత్రం పాత ట్రాయ్ నిబంధనల చేతిలోనే ఉంది.

డీటీహెచ్‌లో డబ్బు కట్టి చూసేవాళ్లు 2020 చివర్లో దాదాపు 7.1 కోట్లు. 2025 మార్చికి 5.7 కోట్ల దగ్గరికి దిగారు. కొందరు ఫోన్‌కి, కొందరు దూరదర్శన్ వాళ్ల ఉచిత డీడీ ఫ్రీ డిష్‌కి పోయారు. 2024 జూలైలో ట్రాయ్ నెట్‌వర్క్ రుసుము మీద గీత ఎత్తేసింది, 130 అన్నది పోయింది, ఎవరి రుసుము వాళ్లు పెట్టుకోవచ్చు. ఫ్రీ డిష్‌లో ఉచితంగా ఇచ్చే ఛానల్‌ను కేబుల్‌లో డబ్బుకు అమ్మకూడదని కూడా అప్పుడే చెప్పింది. ఈ రెండూ సరైన దిశే. ఆలస్యమైంది, అయినా సరైనదే.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పండమ్మా.

(సభలోంచి ఒక మహిళ: సార్, మా అపార్ట్‌మెంట్‌లో ఒకతనే వస్తాడు. ఇంకొకర్ని పెట్టుకుందామంటే కొత్త బాక్స్ కొనమంటున్నారు. పాత బాక్స్ డబ్బులు మావే కదా?)

మీవేనమ్మా, అయినా ఆ బాక్స్ ఆ నెట్‌వర్క్ తప్ప ఇంకోటి పట్టదు. దానిలోపల పెట్టే తాళం సాఫ్ట్‌వేర్ ఒక్కో కంపెనీది ఒక్కోటి. ఏ నెట్‌వర్క్‌లోనైనా పనిచేసే బాక్స్ ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే కేంద్రానికి సిఫార్సు చేసింది. మీరు ఫోన్‌లో సిమ్ మార్చినట్టు ఆపరేటర్‌ని మార్చగలిగితే, ఆ ఆపరేటర్ కూడా ఎంఎస్‌ఓ దగ్గర, ఎంఎస్‌ఓ ఛానల్ కంపెనీ దగ్గర గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. ప్రస్తుతానికి మీకు నేను చెప్పగలిగింది, బాక్స్ అద్దెకు తీసుకునే పథకం ఉందా అని ముందు అడగండి, డిపాజిట్ రశీదు రాయించుకోండి, తిరిగిచ్చేటప్పుడు ఎంత వెనక్కిస్తారో దాని మీదే రాయమనండి. అన్నా, మీరు తల అడ్డంగా ఊపుతున్నారు. (నవ్వులు) మైకు ఆయనకివ్వండి, ఆపరేటర్ వైపు మాట కూడా విందాం.